అడ్మిన్ గారికి ముందు సీటు

ఆ మనిషిని ఎత్తయిన చోటికి ఎక్కించి, కింద నిలబడి చూడాలని ఏడాది పాటు ఎదురుచూశాను. టీచరునై ఉండి ఈ మాట చెప్పడానికి సిగ్గుపడాలేమో. నాకు సిగ్గు వేయడం లేదు.

నేను సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నాకు రైడ్లంటే పిచ్చి. చిన్నప్పుడు తిరునాళ్లలో రంగులరాట్నం దిగమంటే కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చేదాన్నట. పిల్లలు కాలేజీకొచ్చాక కూడా ఆ పిచ్చి పోలేదు. మా ఆయనకేమో ఉయ్యాల ఎక్కినా కళ్లు తిరుగుతాయి. అందుకని నాలాంటివాళ్లు కొందరు వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారని తెలియగానే చేరిపోయాను. చుట్టుపక్కల ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా, ఏ పార్కులో కొత్త రైడ్ వచ్చినా కలిసి వెళ్లేవాళ్లం. చిలకలూరిపేట వైపు నుంచి ఒక మిర్చి రైతు వచ్చేవారు. అరవై దాటినా పంచె ఎగ్గట్టుకుని అందరికంటే ముందు క్యూలో ఉండేవారు. ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు స్నేహితులు షిఫ్టులు మార్చుకుని మరీ వచ్చేవారు. గ్రూపు అడ్మిన్‌కి పురుగుమందుల కొట్టు ఉంది. అతను మా అందరి వీడియోలూ తీసి తన చానల్లో పెట్టేవాడు. ప్రతి వీడియో చివరా "భయపడేవాళ్లు ఇంట్లో కూర్చోండి" అని వేలు చూపించి చెప్పేవాడు.

కిందటేడు గుంటూరు ఎగ్జిబిషన్‌లో కొలంబస్ ఎక్కాం. పడవలా అటూ ఇటూ ఊగే రైడ్. బాగా ఊపందుకున్నాక నా ఒడి మీది ఇనప కడ్డీ గొళ్లెం ఊడి పైకి లేచిపోయింది. పడవ పైకి లేచిన ప్రతిసారీ నేను సీటులోంచి జారుతున్నాను. ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, కింద ఉన్న అడ్మిన్‌కి వినపడేలా అరిచాను. "కడ్డీ ఊడిపోయింది! ఆపమనండి! నన్ను దించండ్రా, నాకు పిల్లలున్నారు!" అతను విన్నాడు. మిషన్ తిప్పేవాడు అతనికి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా ఒక్క మాట చెప్పలేదు. ఫోను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

నేను దిగి నేల మీద కూలబడితే అదీ తీశాడు. మర్నాటికి వీడియో చానల్లోకి ఎక్కింది. కడ్డీ మాట కత్తిరించేశాడు. "నన్ను దించండ్రా" ఒక్కటే పదిసార్లు వచ్చేలా పెట్టి, వెనక డప్పులు కలిపాడు.

వారం తిరగకుండా అది మా స్కూలుకి వచ్చింది. నేను బోర్డు వైపు తిరగ్గానే వెనక బెంచీల్లోంచి సన్నగా "నన్ను దించండ్రా" అని వినపడేది. తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లోకి వంగి ఉండేవాళ్లు. స్టాఫ్ రూములో ఒకాయన టీ కప్పు అందిస్తూ "మీకు పిల్లలున్నారు కదండీ, జాగ్రత్త, వేడిగా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.

తీసేయమని ఫోన్ చేశాను.

"సరదాకండీ మేడం. స్పోర్టివ్‌గా తీసుకోవాలి. మీరు స్టార్ అయిపోయారు తెలుసా?" అన్నాడు.

గ్రూపులోంచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లిపోతే అతన్ని ఏమీ చేయలేను. అందుకని ఉండిపోయాను. సెలవు రోజుల్లో అతని పాత వీడియోలన్నీ వరసపెట్టి చూశాను, పరీక్ష పేపర్లు దిద్దినంత శ్రద్ధగా. అప్పుడు దొరికింది. ఎక్కే ముందు మెట్ల దగ్గర అతను ఉంటాడు. దిగాక గేటు దగ్గర ఉంటాడు. సీటులో కూర్చున్న అతను మాత్రం ఒక్క వీడియోలోనూ లేడు. మమ్మల్ని ఎక్కించి తను కింద నిలబడేవాడు. ఇన్నేళ్లుగా మాలో ఎవరికీ ఆ అనుమానమే రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. తర్వాతి ట్రిప్పు కోసం కాచుకుని కూర్చున్నాను.

ఆ ట్రిప్పు వాయుగుండం రోజున పడింది. హైవే పక్కన ఉన్న పార్కుకి వ్యాన్‌లో బయల్దేరాం. దారి పొడుగునా పత్తి చేలల్లో పగిలిన కాయల్లోంచి దూది తడిసి వేలాడుతోంది. బాబాయ్ ఫోనులో కొడుకుని అడుగుతూనే ఉన్నారు. "మిరప చేలో నీళ్లు నిలిచినయ్యా? కాలవ తెగ్గొట్టావా?" ఇలాంటి రోజున ఎందుకు వచ్చారని అడిగాను. "ఇంట్లో కూర్చుంటే వాన ఆగిద్దా అమ్మా?" అన్నారు.

అడ్మిన్ మొదటిసారి భార్యను వెంట తెచ్చాడు. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. "మా ఆవిడకి మేడ మెట్లెక్కినా కళ్లు తిరుగుతాయి. ఊరికే బజ్జీలు తినడానికి తీసుకొచ్చా" అని అతను రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆవిడ బయటికే చూసింది.

పార్కులో మేం తప్ప ఎవరూ లేరు. రేకుల షెడ్డు కింద గంటన్నర నిలబడ్డాం. అడ్మిన్ చాలా హుషారుగా ఉన్నాడు. వాన వల్ల రైడ్లు తిరగవు కదా, నోరు మాత్రం బాగా తిరుగుతోంది. ఇంతలో వాన తగ్గి తుంపరయింది. రోలర్ కోస్టర్ నడిపే అతను వచ్చి "తుంపరైతే నడుపుతాం సార్, వస్తారా?" అన్నాడు.

నేను ఆ మాట కోసమే చూస్తున్నాను.

"ఇవాళ ముందు సీటు అడ్మిన్ గారికే" అన్నాను గట్టిగా. "పాపం, ఎప్పుడూ మనకోసం కిందే ఉండిపోతారు. ఇవాళ వీడియో నేను తీస్తాను."

అతని మొహం మారింది. "వానలో మీ ఫోను పాడవుద్ది మేడం."

"ప్లాస్టిక్ కవరు తెచ్చానండీ."

"నాకు పొద్దున్నించీ నడుం..."

సిమెంటు ఫ్యాక్టరీ అబ్బాయిలు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు. "ఎక్కన్నా! ముందు సీటన్నా!" అతను భార్య వైపు చూశాడు, వద్దనమన్నట్టు. ఆవిడ ఆ రోజు నోరు విప్పడం అదే మొదలు. "వెళ్లండి. భయపడేవాళ్లు కదా ఇంట్లో కూర్చోవాల్సింది" అంది.

ఎక్కాడు. పక్కన బాబాయ్, వెనక ఆ ఇద్దరూ. బండి గొలుసు మీద టకటకమంటూ కొండెక్కినట్టు ఎక్కి, ఇంకో నాలుగడుగుల్లో శిఖరం అనగా ఆగిపోయింది. పార్కంతా కరెంటు పోయింది. "బండి వెనక్కి జారదు, భయం లేదు, జనరేటరు వేస్తున్నారు" అన్నాడు నడిపే అతను. జనరేటరు వెంటనే అందుకోలేదు. వాన మాత్రం అందుకుంది.

ముందు మాటలు వినపడలేదు. తర్వాత వినపడ్డాయి. "దించండ్రా! ఒరేయ్, ఎవరన్నా రండ్రా! అమ్మా! అమ్మా!" రెండు చేతులతో బాబాయ్ భుజాన్ని పట్టుకుని, తల ఆయన చంకలో దూర్చేశాడు. నేను దగ్గరికి జూమ్ చేశాను.

"మేడం, మీవాళ్లే కదా, కాస్త ధైర్యం చెప్పండి" అన్నాడు నడిపే అతను. నేను ఫోను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. ఫోను మీద చినుకులు పడుతున్నాయి. కవరు తుడుచుకుందామనుకునేలోపు చినుకులు ఆగిపోయాయి. పక్కకి చూస్తే, అడ్మిన్ భార్య తను తడుస్తూ గొడుగు నా ఫోను మీదికి జరిపి పట్టుకుని ఉంది.

చివరికి పట్టాల పక్కనున్న మెట్ల మీద నుంచి ఒక్కొక్కరినీ నడిపించి దించారు. అడ్మిన్ మెట్లన్నీ కూర్చుని కూర్చుని దిగాడు. నేల మీదికి రాగానే నా చేతిలో ఫోను చూశాడు.

"అది ఇవ్వండి మేడం."

"సరదాకండీ. స్పోర్టివ్‌గా తీసుకోవాలి."

బాబాయ్ నన్ను పక్కకి పిలిచారు. "నీ కడుపుమంట నాకు తెలుసమ్మా. అయినా మనిషి అట్టా వణుకుతుంటే ఫోను పట్టుకుంటావా? వాడికీ నీకూ తేడా ఏముంది?"

"నా వీడియో గ్రూపులో పడ్డ రోజు మీరు నవ్వే బొమ్మలు మూడు పెట్టారు బాబాయ్" అన్నాను. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. ఆ నిజం ఆ రోజు నాకు అక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో, డిలీట్ చేయమని అతను బతిమాలుతుంటే నా షరతులు చెప్పాను. ఒకటి, నా వీడియో తీసేయాలి. రెండు, ఆ రోజు జరిగింది జరిగినట్టు రాసి గ్రూపులోనూ చానల్లోనూ పెట్టాలి. అతను తడి బట్టలతో వ్యాన్‌లో కూర్చుని టైపు చేశాడు. "కడ్డీ ఊడిందని మేడం అరిచారు. నాకు వినపడింది. ఆపమని చెప్పకుండా వీడియో తీశాను. క్షమించండి." వినపడింది అన్న ముక్క రాయకుండా తప్పించుకోవాలని చూశాడు. రాసేదాకా నేను ఒప్పుకోలేదు.

హైవే మీద టీకి ఆగినప్పుడు ఆవిడ నా పక్కకి వచ్చింది. "ఆ వీడియో నాకు పంపండి. ఇంకెవరికీ పంపొద్దు" అంది.

ఊరంతా చూడాలని, అతని కొట్టు ముందు జనం "దించండ్రా" అనాలని నేను ఏడాదిగా కలలు కంటున్నాను. ఎందుకని అడిగాను.

"పెళ్లయిన కాణ్నించీ ఎవరింటికెళ్లినా నన్ను చూపించి నవ్విస్తాడండీ. నాకు రాదనీ, తెలియదనీ, భయమనీ. మీరు ఊళ్లో పెడితే నాలుగు రోజులు నవ్వి మర్చిపోతారు. నా దగ్గరుంటే వేరు."

అక్కడే పంపాను. తర్వాత ఆవిడ ఒకసారి ఫోన్ చేసింది. వీడియో తన దగ్గరుందని ఆ రాత్రే అతనికి చెప్పేసిందట. చుట్టాలింట్లో భోజనాల దగ్గర అతను అలవాటుగా మొదలుపెట్టబోతే, ఫోను తీసి విస్తరి పక్కన బోర్లా పెట్టిందట. అతను పప్పు బాగుందని మాట మార్చేశాడట. అది చెబుతూ ఆవిడ పడీ పడీ నవ్వింది.

నా కసి పూర్తిగా తీరలేదు. నా వీడియో చానల్లోంచి పోయినా పిల్లల ఫోనుల్లోంచి పోలేదు. మొన్న కూడా ఎనిమిదో తరగతిలో వెనక నుంచి ఆ గొంతు వినపడింది. అతను మాత్రం ఇప్పటికీ వారానికోసారి మెసేజ్ పెడతాడు, "మేడం, డిలీట్ చేశారా?" అని. చదివినట్టు నీలం టిక్కులు పడేలా తెరిచి చూస్తాను. జవాబివ్వను.