యాదలక్ష్మి ముప్పయ్యో ఏటి ఫ్లెక్సీ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న ఫ్లెక్సీల దుకాణంలో యాదలక్ష్మి డిజైనర్. ఎల్‌బీ నగర్ నుంచి చైతన్యపురి దాకా స్తంభాలకు వేలాడే మొహాల్లో సగం ఆమె చేతి మీదుగా పోయినవే. యాభై నిండిన గల్లీ నాయకుడికి మెడకింద ముడతలు తీసేసి, జుట్టు దట్టంగా నల్లబరిచి, ముప్పై అయిదుకు దించడం ఆమెకు పది నిమిషాల పని. అసలు తలనొప్పి అంతా కింది వరసతోనే. శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ఫోటోలు అక్కడ గుండ్రటి చట్రాల్లో పెట్టాలి. ఒకడి మొహం పక్కవాడి మొహంకంటే గోరంత చిన్నదైతే చాలు, దుకాణం మీదికి దండెత్తుతాడు. యాదలక్ష్మి స్కేలు తీసి తెరమీద పెట్టి, కొలిచి చూపించి పంపేస్తుంది.

ఆమెకు తలసేమియా. పుట్టిన ఆర్నెల్లకే బయటపడింది. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు కాబట్టి మూడు వారాలకోసారి దవాఖానకు పోయి ఎక్కించుకోవాలి. ఎక్కిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకోకుండా రోజూ మాత్రలు మింగాలి. ఈ పిల్ల ఇరవై దాటడం కష్టమని అప్పట్లో ఒక డాక్టరు తల్లి అండాలమ్మతో అనేశాడు. అన్నవాడు మరుసటి రోజుకే మర్చిపోయి ఉంటాడు. అండాలమ్మ మర్చిపోలేదు. కూతురి వైద్యం కోసమే నల్లగొండ పల్లె వదిలి కర్మన్‌ఘాట్ చేరి, హాస్టల్లో వంటకు కుదిరిన మనిషి ఆమె. పుట్టినరోజు వస్తే పొద్దున్నే గుడికి తీసుకుపోయి, కొబ్బరికాయ కొట్టించి, చడీచప్పుడు లేకుండా ఇంటికి తీసుకొస్తుంది. కేకు లేదు. కొత్త బట్టలు ముందురోజో తర్వాతి రోజో. ఎన్నేళ్లు నిండాయని ఎవరైనా అడిగితే కూరగాయల ధరల్లోకి మాట మారుస్తుంది.

యాదలక్ష్మికి భయం లేదా అంటే, ఉంది. కానీ ఇరవయ్యో పుట్టినరోజు దాటాక ఆమెకు మొండి ధైర్యం వచ్చింది. డిగ్రీ పూర్తి చేసింది, ఫోటోషాప్ నేర్చుకుంది, చేతికి సూది ఉండగానే ఫోన్లో కస్టమర్లతో అక్షరదోషాల మీద పోట్లాడింది. ఇరవై ఒకటి నుంచి వచ్చిన ప్రతి ఏడూ తన కష్టార్జితమని ఆమె నమ్మకం. నేనైతే ఆమె మాటే ఒప్పుకుంటాను.

మొన్న ఫిబ్రవరిలో ముప్పై నిండుతాయనగా యజమాని విశ్వేశ్వరరావు సంగతి పసిగట్టాడు. ఏలూరు నుంచి వచ్చి పాతికేళ్లయినా యాస వదలని మనిషి. "అందరివీ కడుతున్నాం, ఈసారి నీది కట్టాల్సిందేనమ్మాయ్. పది అడుగులది," అన్నాడు. యాదలక్ష్మి ఏళ్లుగా మనసులో దాచుకున్న కోరికే అది. తన గల్లీ మొదట్లో, వచ్చేపోయేవాళ్లందరూ చూసేలా, పెద్ద పెద్ద అంకెల్లో ముప్పై.

అండాలమ్మ ససేమిరా అంది. ఎందుకో యాదలక్ష్మికి తెలుసు. అయిదేళ్ల కిందట అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన తల్లి, కూతురి వెనక నిలబడి ఆమె పని చూసింది. పుట్టినరోజు ఫ్లెక్సీ చేయించుకున్న పండ్ల వ్యాపారి ఒకాయన ఆ నెలలోనే పోయాడు. ఇంకో ఫోటో వెతికే స్థితిలో ఇంటివాళ్లు లేరు. యాదలక్ష్మి పాత ఫైలు తెరిచి, వెనక బెలూన్లు తీసేసి, అదే నవ్వు మొహానికి దండ వేసి, పైన శ్రద్ధాంజలి అని రాసింది. ఈ పనిలో ఉన్న అందరూ చేసేదే. మనిషికి మంచి ఫోటో ఒకటి ఉండేది పుట్టినరోజు పుణ్యమా అనే, రేపు దండ పడేదీ దానికే. ఆ రోజు నుంచి అండాలమ్మ కూతుర్ని పెద్ద ఫోటో దిగనివ్వలేదు.

వారం రోజులు ఇంట్లో ముభావంగా గడిచింది. తల్లికి చెప్పకుండా కట్టేస్తే ఆపేవాళ్లు లేరు. కానీ కింది వరసలో అండాలమ్మ మొహం లేని ఫ్లెక్సీ యాదలక్ష్మికి అక్కర్లేదు. ఆ వరసకు ఆమెకు కావలసింది ఆ ఒక్క ఫోటోనే. అమ్మ ఒప్పుకోకపోతే లేనట్టేనని విశ్వేశ్వరరావుకు చెప్పేసింది.

పుట్టినరోజు ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, అండాలమ్మ పట్టుచీర కట్టుకుని దుకాణానికి వచ్చింది. తల నున్నగా దువ్వి, పెద్ద బొట్టు పెట్టుకుంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్లి, ఫోటోలు తీసే తెల్ల తెర ముందు స్టూలు మీద కూర్చుంది.

"తియ్యి. నీదెంతుంటదో నాది గంతుండాలె," అంది.

కింది వరసలో అంత పెద్దది పట్టదని యాదలక్ష్మి నవ్వుతూ చెప్పబోయింది. అండాలమ్మ నవ్వలేదు.

"రెండు గా కంప్యూటర్ల పెట్టు. దండ ఎయ్యాల్సొస్తే ముందుగాల నాదానికే ఎయ్యాలె బిడ్డా. నాకు మాటియ్యి."

విశ్వేశ్వరరావు ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోయాడు. యాదలక్ష్మికి దుఃఖం ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్లలో జబ్బు విషయంలో తల్లికి ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు. గుండె స్కాన్ బాగా రానప్పుడు కూడా మొదట చెప్పింది తల్లికే. ఇప్పుడు ఒక్క 'సరే' అంటే చాలు, అండాలమ్మ ఇంటికి పోయి కంటినిండా నిద్రపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"గా మాట ఇయ్యలేనమ్మా, నా చేతుల లేదు. నా చేతుల ఉన్నది చెప్త. పుట్టినరోజు అయిపోంగనే గీ ఫోటోలు కంప్యూటర్లకెల్లి అన్ని తీసేస్త, దండ ఎయ్యనీకి ఒక్కటి గూడ ఉంచ. మల్ల యేడు మల్ల కొత్తయి దిగుదాం, ఇద్దరం."

అండాలమ్మ కొంగుతో మొహం తుడుచుకునేసరికి బొట్టు చెదిరింది. యాదలక్ష్మి దాన్ని వేలితో సరిచేసి, వెనక్కి నడిచి కెమెరా పట్టుకుంది.

"మల్ల యేడు గీ చీర కట్టుకోను," అంది అండాలమ్మ, వీపు నిటారుగా పెట్టి. "కొత్తది నువ్వే కొనియ్యాలె."