తాతిక్ సూది, అమ్మమ్మ క్రోషియా

పోయిన వారం శాన్ రామన్‌లో స్నేహితురాలి గృహప్రవేశానికి ఇద్దామని, ఆర్మేనియన్ చేతిపనులు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో లేసు బల్లగుడ్డ ఆర్డర్ చేశాను. పెట్టె విప్పి, ముందువైపు చూడనైనా చూడకుండా గుడ్డ తిరగేసి వెనక ముడులు వెతుకుతుంటే మా ఆయన నవ్వాడు. కొత్త నూలు వాసన వేసింది. ఆ వాసనతో నేను తొమ్మిదేళ్ళ పిల్లనై గ్లెండేల్‌లోని మా పాత అపార్ట్‌మెంట్ల ముంగిట్లో ఉన్నాను.

లాస్ ఏంజెలెస్ పక్కనుండే ఆ ఊళ్ళో మా వీధి వీధంతా ఆర్మేనియన్లే. ముంగిట్లో ఒక ఏప్రికాట్ చెట్టు ఉండేది. వేసవి వచ్చిందంటే కింద రాలిన పళ్ళ తియ్యటి వాసన, కింది వాటాలోంచి కాఫీ మరిగే వాసన, పై వాటాలోంచి మా అమ్మ వేసే పోపు ఘాటు, అన్నీ మెట్ల దగ్గర కలుసుకునేవి. ఆ కింది వాటాలో తాతిక్ ఉండేది. తాతిక్ అంటే వాళ్ళ భాషలో నాయనమ్మ అని అర్థం. పెళ్ళీడుకొచ్చిన మనవరాలు నైరీతో పాటు వీధిలో పిల్లలందరం ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళం. ఆవిడ గదిలో ఒక బీరువా నిండా ఇవ్వడానికి చేసినవే ఉండేవి: దానిమ్మపళ్ళు కుట్టిన ఏప్రన్లు, ఊలు మేజోళ్ళు, ఎర్ర గౌన్లు తొడిగిన గుడ్డబొమ్మలు, చెక్కపలక మీద రంగులతో పక్షుల ఆకారంలో దిద్దిన వాళ్ళ అక్షరాలు. పాలు తోడెయ్యడానికి కాస్త పెరుగు అడగడానికి వెళ్ళినా సరే, ఆ ఇంట్లోంచి వట్టి చేతులతో ఎవరూ బయటికి రాలేదు.

తమ్ముడు పుట్టబోతున్నాడని నర్సాపురం నుంచి అమ్మమ్మ వచ్చింది. పెట్టెలో పూతరేకులు, కొబ్బరి లౌజు, వాటి కింద క్రోషియా, తెల్ల దారం ఉండలు. మా అమ్మమ్మ వాళ్ళ పేటలో ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి అరుగుల మీద లేసు అల్లేవాళ్ళట. ఇక్కడ అరుగు లేదు కాబట్టి ఆవిడ మెట్ల మీద కూర్చుని అల్లడం మొదలెట్టింది. మూడో రోజున తాతిక్ వచ్చి పక్కన కూర్చుంది, అల్లిక చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది, తల పంకించి "లావ్, లావ్" అంది.

అమ్మమ్మ కాస్త భారీ మనిషే. మొహం ముడుచుకుని నావైపు తిరిగి, "నన్ను లావంటుందేంటే ఈవిడ? తనేం సన్నంగా ఉందనీ" అంది. వాళ్ళ భాషలో లావ్ అంటే బాగుంది అని అర్థమని నేను చెప్పేసరికి కడుపు పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి పులిహోర కలిపినా, తమ్ముడికి స్నానం పోసినా, తాతిక్ కనబడితే చాలు, "లావేనా అండీ?" అని అడిగేది. తాతిక్ అంతకంటే గట్టిగా "లావ్" అనేది.

నైరీ పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి మేలిముసుగు అంచుకి లేసు తాతిక్ చేస్తోంది. అది క్రోషియా పని కాదు. మామూలు కుట్టుసూదితో ఒక్కొక్క చుట్టూ వేసి, ఒక్కొక్క ముడీ బిగించాలి. సగం అయిందో లేదో, పెళ్ళి మూడు వారాలుందనగా తాతిక్ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. "మిగతాది షాపులో కొని అతికిద్దాంలే తాతిక్" అని నైరీ అంటే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు బీరువా తలుపు తియ్యలేదు.

అమ్మమ్మ తిరుగు ప్రయాణం పెళ్ళికి వారం ముందుంది. అన్నం తింటున్న మా నాన్నతో, "టికెట్ మార్పించండి అల్లుడుగారూ. ఆ అంచు నేను కుడతాను" అంది. అమ్మ, "నీకు ఆ కుట్టు రాదు కదే" అంటే, "ఆవిడకి వచ్చుగా, నేర్పుతుంది" అంది.

నేర్చుకోవడం తేలిక కాలేదు. క్రోషియా అల్లికలో తప్పు పడితే దారం లాగితే చాలు, ఊడివచ్చేస్తుంది. ఈ ముడి ఒకసారి బిగిస్తే ఊడదు, కత్తిరించాల్సిందే. తాతిక్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో అమ్మమ్మ వేలు పట్టి తిప్పేది. ముక్క తిరగేసి చూసి తల అడ్డంగా ఊపేది. అమ్మమ్మ కత్తిరించి మళ్ళీ మొదలెట్టేది. మొదట్లో మధ్యవర్తిగా నన్ను కూర్చోబెట్టుకున్నారు, తాతిక్ మాట నైరీ ఇంగ్లీషులో చెబితే నేను తెలుగులో చెప్పడానికి. అయిదో రోజుకి నైరీని తన పెళ్ళి పనులు చూసుకోమని, నన్ను ఆడుకోపొమ్మని పంపేశారు. ఆ సాయంత్రం మెట్లెక్కి వస్తుంటే, తాతిక్ ముక్క తిరగేసి, వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసి, మెల్లిగా "లావ్" అనడం విన్నాను. అమ్మమ్మ పమిటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

చర్చిలో తాతిక్ అమ్మమ్మని ముందువరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. సాంబ్రాణి పొగలో నైరీ నడిచి వస్తుంటే ఇద్దరూ పెళ్ళికూతురి మొహం చూడలేదు, ముసుగు అంచే చూస్తూ కూర్చున్నారు. తర్వాత విందులో డోలు మోగింది, చిటికినవేళ్ళు పట్టుకుని వరసగా ఆడే ఆటలోకి వెంకటగిరి చీర కట్టిన అమ్మమ్మని లాక్కెళ్ళారు. అడుగులు ఒక్కటీ కలవలేదు, ఆవిడ ఆగనూ లేదు. వెళ్ళొస్తామంటే తాతిక్ తన మెడకింద ఉన్న వెండి దానిమ్మ పిన్ను తీసి, అమ్మమ్మ భుజం మీది మామూలు పిన్నీసు విప్పించి, దాని చోట పెట్టించింది.

అమ్మమ్మ నర్సాపురం వెళ్ళిపోయాక, ప్రతి శనివారం సాయంత్రం తాతిక్ మా ఇంటికొచ్చి ఫోన్ కలపమనేది. అక్కడ ఆదివారం పొద్దు. ఈవిడ ఆర్మేనియన్‌లో, ఆవిడ తెలుగులో, అరగంటకి తక్కువ కాకుండా మాట్లాడుకునేవాళ్ళు, మధ్యమధ్య పగలబడి నవ్వుకునేవాళ్ళు.

ఆ అపార్ట్‌మెంట్లు ఇప్పుడు లేవు. ఏప్రికాట్ చెట్టున్న చోట కార్లు ఆపుకునే అయిదంతస్తుల కట్టడం లేచింది. వాళ్ళిద్దరూ ఒకే ఏడాది, కొన్ని నెలల తేడాతో వెళ్ళిపోయారు. నైరీ, నేను మాత్రం అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం. అంతసేపు వాళ్ళు ఏం చెప్పుకునేవాళ్ళో మా ఇద్దరికీ ఈనాటికీ తెలీదు. అమ్మమ్మ బతికుండగా ఒకసారి ఆవిణ్ణే అడిగాను. "ఏముంటాయే, ఇంట్లో సంగతులే" అంది.