ధనశేఖర్ ముక్కు

పూతలపట్టు కూడలిలో, తిరుపతి రోడ్డు మలుపు తిరిగే చోట, ధనశేఖర్ షెడ్డు ఉండేది. ఇంజన్ వేడెక్కుతోందని ఎవరైనా కారు తెస్తే, అది చల్లారేదాకా ఆగి, రేడియేటర్ మూత తీసి వంగి వాసన చూసేవాడు. తరవాత ఇంజన్ స్టార్ట్ చేయించి, పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చుని మళ్లీ చూసేవాడు. నీళ్లలో పొగ వాసన వచ్చినా, పొగలో రేడియేటర్ నీళ్లలో కలిపే కూలెంటు తియ్యటి వాసన వచ్చినా హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. ఇంజన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే ఆ పలచటి రేకు వెంట్రుకంత చిట్లినప్పుడు నీళ్లలో బుడగలు రావు, ఆయిల్ రంగు మారదు. ధనశేఖర్ ముక్కు మాత్రం పట్టేసేది. చిత్తూరు టాక్సీ డ్రైవర్లు తమ ఊళ్లో అన్ని షెడ్లుండగా అతన్ని వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఎండాకాలంలో అతనికీ జ్వరం వచ్చి తగ్గింది. వాసన పోయింది. నెలకు వస్తుందన్నారు, ఆర్నెల్లకు వస్తుందన్నారు. రాలేదు. ధనశేఖర్ ఎవరికీ చెప్పలేదు, భార్య ఉదయలక్ష్మికి కూడా. బుడగలు చూసి, గొట్టాలు చేత్తో నొక్కి చూసి రెండేళ్లు నెట్టుకొచ్చాడు. వంగడం మాత్రం మానలేదు. చూసేవాళ్లకు అనుమానం రాకూడదని.

ఆ తరవాతి ఏప్రిల్‌లో హేమచంద్ర వచ్చాడు. చిత్తూరులో సొంత టాక్సీ నడుపుకునే మనిషి, పాత కస్టమర్.

"అన్నా, చంద్రగిరి దాటేసరికి వేడి ముల్లు పైకి పోతాండాది. నీళ్లు తగ్గుతాండాయి. యాడా కారినట్టు లేదు."

ధనశేఖర్ చూశాడు. రేడియేటర్ మూత రబ్బరు బీటలు వారి ఉంది. నీళ్లు ఆవిరై పోతున్నాయని అనుకోవడానికి అది చాలు. ఇంజన్ వేడెక్కినప్పుడు నీళ్లను వదిలే థర్మోస్టాట్ కూడా సగమే తెరుచుకుంటోంది. బుడగల్లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే. పొగగొట్టం దగ్గర కూర్చుని గట్టిగా గాలి పీల్చాడు. వేడి తగిలింది, అంతే. పక్కనే హేమచంద్ర నిలబడి ఉన్నాడు. నువ్వొకసారి వాసన చూడబ్బా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"వాసనేమైనా వస్తాండాదా అన్నా?"

"ఏం రావడంలే."

మూత, థర్మోస్టాట్ మార్చి పంపేశాడు.

తొమ్మిదో రోజు పొద్దున తిరుపతిలో ఆసుపత్రి నుంచి హేమచంద్రకు ఫోన్ వచ్చింది. తల్లి పోయాక తనను పెంచిన అక్క శకుంతలమ్మకు ఊపిరి అందడం లేదన్నారు. బయల్దేరాడు. చంద్రగిరికి ఇవతలే పొగలు చిమ్ముతూ ఇంజన్ ఆగిపోయింది. కారును రోడ్డు పక్కకు తోసి, బస్సు పట్టుకుని, ఆసుపత్రి చేరేసరికి అక్క పోయి ముప్పావు గంటయింది.

పదకొండు రోజుల తరవాత ఆ కారును కట్టి లాక్కొచ్చారు. హేమచంద్ర గుండు చేయించుకుని ఉన్నాడు. కేకలెయ్యలేదు.

"గ్యాస్కెట్టంట. చంద్రగిరి మెకానిక్ మూత తీసి, పొగ వాసన వస్తాండాదని చెప్పినాడు. నువ్వు రావడం లేదంటివే అన్నా."

ధనశేఖర్ చేతిలోని పానా బెంచీ మీద పెట్టాడు. "నాకు వాసన తెలీదబ్బా. కరోనాలో పోయింది."

హేమచంద్ర అతని మొహంలోకి చూశాడు. "నన్నడిగుంటే నేను సూసేవాణ్ణి గదా."

"ఊ. పక్కనే ఉంటివి."

"అక్క రెండుసార్లు అడిగిందంట, వాడు యాడికొచ్చినాడని."

ధనశేఖర్ వెళ్లి కారు బానెట్ ఎత్తాడు.

ఇంజన్ హెడ్ విప్పి, చిత్తూరు తీసుకెళ్లి సాన పట్టించి, కొత్త గ్యాస్కెట్ వేసి, వారం రోజులు వేరే పని ముట్టకుండా బండిని నిలబెట్టాడు. హేమచంద్ర వచ్చి స్టార్ట్ చేసి, కాసేపు విని, తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఇంట్లో చెబితే ఉదయలక్ష్మి ఆశ్చర్యపోలేదు. "నాకెప్పుడో తెలుసు. ఒకనాడు పాసిపోయిన పప్పు వాసన కొడతాంటే, నేను ఎత్తేసే లోపలే కలుపుకుని తిన్యావు. నువ్వే చెప్తావని ఊరుకున్యా." అలా ఊరుకున్నందుకు ఆమె కూడా ఆ పూట అన్నం తినలేదు.

అప్పటినుంచి ధనశేఖర్ వచ్చిన ప్రతి డ్రైవర్‌కూ ముందే చెప్పేవాడు: నాకు వాసన తెలియదు, నువ్వు చూసి చెప్పాలి అని. వాళ్లు అయ్యో అన్నారు. టీ ఇప్పించారు. తరవాత మెల్లగా వేరే షెడ్లకు పోయారు. వానలు మొదలయ్యేనాటికి షెడ్డు ఖాళీ చేసి, చిత్తూరులో ఒక కార్ల సర్వీసు సెంటర్‌లో పని అడిగాడు. అక్కడి కుర్ర మేనేజరుకూ దాచకుండా చెప్పాడు.

"వాసనతో ఇక్కడ పనేముంది?" అన్నాడు ఆ అబ్బాయి. "మిషను తగిలిస్తే అదే చెప్తుంది. మీరు ఆయిల్ మార్చండి చాలు. సోమవారం రండి."

ధనశేఖర్ సరేనని బస్టాండుకు వచ్చి కూర్చున్నాడు. పూతలపట్టు మీదుగా వెళ్లే బస్సులు రెండు వచ్చి పోయాయి. రెండేళ్లు తను దాచిపెట్టిన సంగతి ఇక్కడ ఎవరికీ లెక్కలేదు. లేవబుద్ధి కాలేదు.