టక్కుమనే గాంధారం

మా క్లాసు పిల్లలకి స్వరజ్ఞానం ఉందని ఊరంతా డప్పు కొట్టుకున్న మనిషిని నేను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒడిశాలో సెమిలిగుడ దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో చాలా ఏళ్ళుగా కర్ణాటక సంగీతం చెబుతున్నాను. ఇక్కడి తల్లులకు కావాల్సింది సంగీతం కాదు, గోడకి తగిలించుకునే సర్టిఫికెట్టు. జంటస్వరాలు మొదలెట్టిన రెండో రోజే, "కీర్తన ఎప్పుడు మొదలెడతారండీ?" అని తగులుకుంటారు. ముందు వినడం నేర్పాలమ్మా అంటే, "ఇనడానికి నేర్పేదేటుందండీ, సెవులున్నాయి కదా!" అంటారు. మేకలకీ ఉన్నాయి చెవులు. ఎవరితో చెప్పుకోను?

అందుకే వినికిడి పరీక్ష పెట్టాను. ప్రతి శనివారం పిల్లల్ని గోడవైపు తిరిగి కూర్చోమనేదాన్ని, దొంగచూపులకు వీల్లేకుండా. నా పాత హార్మోనియం మీద ముందు షడ్జమం వినిపించి, తర్వాత ఏదో ఒక మెట్టు నొక్కి, అది ఏ స్వరమో చెప్పమనేదాన్ని. నొక్కీ నొక్కకముందే "గ!" "ద!" అని అరిచేవాళ్ళు. నేను ఉబ్బిపోయేదాన్ని. వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచి మరీ ఈ వేడుక చూపించేదాన్ని.

ఒక్క అమ్మాయే తేడా. పద్మపూర్ వైపు రైతుల పిల్ల, ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి ప్లస్ టూ చదివేది. నేను గాంధారం నొక్కినప్పుడల్లా అందరూ అరిచాక తాపీగా, "గ కాదు టీచర్. దానికి కొంచెం కిందన ఉంది," అనేది.

"కిందన ఉన్నది నీ బుర్రమ్మీ!" అనేదాన్ని. క్లాసంతా పకపకా నవ్వేది. నవ్వించగలిగానని సంబరపడేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

ఆ అమ్మాయికి విజయనగరం వెళ్ళి సంగీతం చదవాలని ప్రాణం. తండ్రి ఒకటే షరతు పెట్టాడు. పిల్లకి స్వరజ్ఞానం ఉందని టీచరు రాసిస్తే పంపుతాడు, లేదంటే గుణుపూర్‌లో బీకామ్. మేనమామ ప్లాంటులో టెక్నీషియను. డ్యూటీ దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు, అమ్మాయిని వెంటబెట్టుకుని.

"మీరో ముక్క రాసిత్తే సాలు టీచరమ్మా. మా బావ ఇంకెవులి మాటా ఇనడు," అన్నాడు.

"గాంధారం గుర్తుపట్టలేని పిల్లకి సంగీతం దేనికండీ? బీకామ్ చదివించండి, బాగుపడుతుంది," అన్నాను. అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఆ వారంలోనే ఊరెళ్ళిపోయింది.

తర్వాత వానాకాలంలో హార్మోనియం తిత్తి చిరిగింది. భజన పెట్టెలు బాగుచేసే మిస్త్రీ సెమిలిగుడలో ఉంటే అతనికిచ్చాను. ఆ శనివారం పెట్టె లేదు కాబట్టి, ముందు షడ్జమం, తర్వాత గాంధారం అకారంతో నేనే పాడి, చెప్పమన్నాను. చడీ చప్పుడూ లేదు. గట్టిగా అడిగితే ఒకడు "ప" అన్నాడు, ఇంకొకతె "ని" అంది.

"ఏటర్రా, ఏటయింది మీకు?" అని కసిరాను.

అందరిలోకీ చిన్నపిల్ల ఏడుపు మొహంతో ఇటు తిరిగింది. "పెట్టె లేపోతే ఎలా సెప్తాం టీచర్? గ అయితే టక్కుమంటాది, ద అయితే బుస్సుమంటాది. మీరేమో ఏటీ అనట్లేదు."

అదీ సంగతి! నా శిష్యులు వింటున్నది స్వరం కాదు. అరిగిపోయిన మెట్టు కొట్టుకునే చప్పుడు, చిల్లిలోంచి పోయే గాలి. దాన్ని చూసి స్వరజ్ఞానమని మురిసిపోయిన మహా విదుషీమణిని నేను.

అంతటితో అయిందా? సాయంత్రం మిస్త్రీ ఫోన్ చేశాడు. "గాంధారం పలికే రీడు శ్రుతి ఎప్పుడో దిగిపోనాది మేడమ్. ఇన్నాళ్ళూ ఎలా వాయించేరు?"

ఎలా ఏముంది, గోడమీద డిప్లొమా పెట్టుకుని వాయించాను! రోజూ ఆ పెట్టె ముందే కూర్చుని కూర్చుని, ఆ తప్పు నా చెవికి అలవాటైపోయింది. కిందన ఉందని చెప్పిన ఒక్క చెవినీ బీకామ్‌కి తోలేశాను.

మర్నాడు మేనమామ దగ్గర నంబరు తీసుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కాలేజీలో చేరి నెల దాటిందట. రీడు సంగతి చెప్పి, "నువ్వన్నదే రైటమ్మీ," అన్నాను.

ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "మీకు ఇనబడలేదా టీచర్? ఇనబడినా, నేనంటే ఇష్టం లేక కాదన్నారనుకున్నాను."

గురువుకి చెవి లేదని ఆ పిల్లకి తట్టనే లేదు. నన్ను చెడ్డదాన్ననుకుందిగాని చెవిటిదాన్ననుకోలేదు. అంత గౌరవం నాకు దండగ.

"వినబడలేదమ్మీ," అన్నాను. "మీ నాన్నకి ఫోనియ్యి. ఈ మాటే ఆయనకీ చెప్తాను."