నూట పదమూడో డిస్కు

ముందే చెప్తున్నాను... ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నా రెండు చెవులతో నేనే విన్నాను. ఆ చెవుల మీదే ఒట్టు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

రెండువేల ఏడో, ఎనిమిదో... సరిగ్గా గుర్తులేదు. కాశీబుగ్గలో ఒక చిన్న గ్రంథాలయంలో నాకు టెంపరరీ ఉద్యోగం. ఆ ఏడాదే మాకు ఒక టీవీ, ఒక డీవీడీ ప్లేయర్ వచ్చాయి. పిల్లల పాఠాలు, పోటీ పరీక్షల క్లాసులు, జీడితోటల పెంపకం, అన్నీ డిస్కుల్లోనే. వాటితోపాటు ఇంకో మూడు అట్టపెట్టెలు కూడా వచ్చాయి. ఊళ్ళో వీడియో స్టూడియో నడిపిన ఒకాయన దుకాణం మూసేస్తూ, పాత క్యాసెట్లన్నీ డిస్కుల్లోకి ఎక్కించి మాకిచ్చేశాడు. చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలో పెళ్ళిళ్ళు, సంబరాలు, కొత్త పడవలకు పూజలు. ఎవరి ఊరిది వాళ్ళు వచ్చి చూసుకుంటారని ఆయన ఆశ. కానీ సగం డిస్కుల మీద ఒక్క అక్షరం లేదు. అడిగితే, "నాకేటి గుర్తుంటాది తల్లీ!" అన్నాడు.

ఇక నేనే ఒక్కొక్కటీ ప్లేయర్లో పెట్టి చూసి, ఊరు పోల్చుకుని, పేరు రాసి, నంబరు వేసి అరలో నిలబెడుతున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం నీలమ్మ మూడోసారి వచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు మనిషి. చేపలు అమ్ముతుంది. చెయ్యి పట్టుకుని తొమ్మిదేళ్ళ కూతురు. ఆ పిల్ల కడుపులో ఉండగానే తండ్రి చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు.

"కొత్త పడవ దించిన నాడు వీడియో తీసినారమ్మా. మా ఆయన అందులో ఉన్నాడు. ఈ పిల్ల ఒక్కసారైనా సూడాల గదా," అంది.

"ఇంకా దొరకలేదు నీలమ్మా. రేపు రా."

"రేపంటే బేరం పోద్ది. పోతే పోనీ... వత్తాను."

నేను ఆమెకు చెప్పని మాట ఒకటుంది. మర్నాడు తనిఖీ. పేరూ నంబరూ లేని డిస్కులన్నీ కట్టకట్టి పైఆఫీసుకి పంపించేయాలని మా లైబ్రేరియన్ గారు చెప్పేశారు. అలా వెళ్ళినవి మళ్ళీ రావు.

ఏడింటికి తలుపులు మూశాం. నేనూ, అటెండరు అప్పన్న బాబాయీ మిగిలాం. నూట పన్నెండు డిస్కులు చూడటం అయింది. అన్నిటికీ అడుగున ఉన్న మూడో పెట్టె ఇంకా విప్పనే లేదు. బయట సన్నగా వాన. అంతలో... టప్‌మని కరెంటు పోయింది.

"కొవ్వొత్తులు అట్టుకొత్తానమ్మా. బయట గొళ్ళెం ఎట్టేసి ఎల్తాను, బయ్యం నేదు," అన్నాడు బాబాయి. గొళ్ళెం పడిన చప్పుడు స్పష్టంగా విన్నాను.

ఊరికే కూర్చోవడం ఎందుకని, చూసేసిన డిస్కులు సెల్‌ఫోన్ వెలుగులో అరలో పెడుతున్నాను. నంబరు పైకి చదవడం నాకు అలవాటు.

"నూట పది." టక్.

"నూట పదకొండు." టక్.

"నూట పన్నెండు." టక్.

"నూట పదమూడు..."

అది నేను అనలేదు.

మగగొంతు. మెల్లగా ఉంది... కొంచెం బొంగురు. గాలికి ఎదురుగా నిలబడి మాట్లాడినట్టుంది. అర వెనక నుంచి వచ్చింది. చూడండి విడ్డూరం, నాకు ఆ క్షణం భయమే వెయ్యలేదు. బాబాయే అనుకున్నాను.

"నూట పదమూడు ఇంకా చూడలేదు బాబాయ్," అన్నాను.

బయట వాన ఒక్కటే. తర్వాత... చాలా దగ్గరగా...

"అడుగు పెట్టిలో ఉంది. ఎర్రదాని కింద సూడు."

చేతిలో ఫోను వెలుగు ఆరిపోయింది. బటన్ నొక్కాను. వేళ్ళు జారిపోతున్నాయి. మళ్ళీ నొక్కాను. వెలిగింది. అర వెనక్కి పట్టి చూశాను. ఖాళీ బెంచీ. మడతపెట్టిన పేపర్లు. అంతే.

అప్పుడు వినిపించింది... బయట గొళ్ళెం తీస్తున్న చప్పుడు.

బాబాయి తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. "ఎవులితో మాట్లాడతన్నావమ్మా?"

"ఇందాకే వచ్చావు కదా... నువ్వే కదా..."

"నానా? రొండు కొట్లు తిరిగి ఇప్పుడే గదా వత్తన్నాను!"

నా మొహం చూసి కొవ్వొత్తి వెలిగించాడు. గదంతా వెతికాం. వెనక తలుపుకి తాళం అలాగే ఉంది. కిటికీలకు ఇనప జాలీ. "పద పాపా, ఎల్లిపోదాం," అన్నాడు బాబాయి.

వెళ్ళిపోవాలనే ఉంది. కానీ మధ్యాహ్నం ఆ పిల్ల నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది. మూడో పెట్టె తాడు కోశాను. అన్నీ తెల్ల కవర్లు. అడుగున ఒకే ఒక్క ఎర్ర డబ్బా. దాని కింద డబ్బా లేని డిస్కు, ఉత్త కాగితంలో చుట్టి ఉంది. వంకరటింకరగా 113 అని రాసి, అరలో పెట్టి, ఇద్దరం పరుగు లాంటి నడకతో బయటపడ్డాం. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

పొద్దున్న కరెంటు ఉంది. నీలమ్మా, పిల్లా గుమ్మంలోనే ఉన్నారు. డిస్కు పెట్టాను. ముందు గీతలు. తర్వాత ఇసుక, అల, బంతిపూల దండలు వేసిన పడవ. జనం పడవని నెడుతున్నారు. నీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అదిగో... ఆయనే..."

తెల్ల బనీను మనిషి కెమెరా వైపు తిరిగాడు. నవ్వుతూ ఏదో అన్నాడు. రాత్రి విన్న గొంతేనా అని నేను చెవి టీవీకి ఆనించాను. డప్పులు, గాలి హోరు... ఒక్క మాటా తెలియలేదు. మూడుసార్లు వెనక్కి తిప్పాను. ఊహూఁ.

పిల్ల మాత్రం తెర దగ్గరికి వెళ్ళి, తన పెదవి పైకి లాగి చూపించింది.

"అమ్మా! నాన్నకి కూడా పన్ను మీద పన్నుందే!"

తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారు వెనకే నిలబడి ఇదంతా చూశారు. "మిగిలినవి పంపొద్దు, నెల రోజులు ఇక్కడే ఉంచండి," అన్నారు. ఆ నెలలో టెక్కలి నుంచి, ఇచ్ఛాపురం నుంచి కూడా జనం వచ్చారు. వాళ్ళే చూసి, వాళ్ళే పేర్లు చెప్పారు. పేరులేని డిస్కులు నాలుగే మిగిలాయి.

ఆ గొంతు సంగతంటారా... వీధిలో ఎవరైనా అన్నారేమో. నా చెవులే మోసం చేశాయేమో. బాబాయి ఆటపట్టించాడేమో అనుకుని చాలాసార్లు నిలదీశాను కూడా. ఆయన ఒకటే అంటాడు.

"తాడు ఇప్పని పెట్టిలో ఏటుందో నాకెలా తెలుత్తాదమ్మా?"

నిజమే. ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. మరి... తెలిసినది ఎవరికి?