కాన్పుల గదికి ఇంకో తలుపు

మా టేకులపల్లి కొట్టుకు ఏటా చింతపండు తెచ్చే అడవి ఊరి ఆమె, ఒకరోజు పొద్దున్నే కడుపుతో ఉన్న కూతురిని ఆటోలో తెచ్చి మా ఇంటి ముందు దింపింది. పిల్ల ముఖం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు మసకగా ఉన్నాయంటోంది. ఎన్నో నెలని అడిగితే, ఇప్పపువ్వు ఏరే రోజుల్లో నెల తప్పిందని తల్లి చెప్పింది. వేళ్ళ మీద లెక్కవేశాను. ఎనిమిదో నెల నిండలేదు. మా అక్క ఇలాగే ఉబ్బి, ఫిట్స్ వచ్చి పోయింది. అదే ఆటోలో దవాఖానాకు బయల్దేరాం.

బిల్డింగు కొత్తది. నున్నటి టైల్స్, పెద్ద అద్దాల తలుపు. ఎవరు రావాలన్నా పోవాలన్నా ఆ తలుపే. మేము చేరేసరికి అందులోంచే ఒక శవాన్ని స్ట్రెచర్ మీద బయటికి తెస్తున్నారు. తల్లి బిడ్డ చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"పీనుగ ఎల్లిన గుమ్మంల కడుపుతోని ఉన్నదాన్ని తొక్కనియ్యం. మేం పోతం."

"యాడికి పోతవు? బిడ్డ మొఖం సూడు," అన్నాను.

"సూసిన పెద్దమ్మా. అందుకే పోతమంటున్న."

పిల్ల తల పట్టుకుని గోడ పక్కన కూలబడింది. నర్సు బయటికి వచ్చి బీపీ చూసింది. ఎంతుందో అడిగి చెప్పించుకున్నాను. విన్నాక, అడగకుండా ఉండాల్సిందనిపించింది.

"ఫిట్స్ రాకముందే సూది పడాలె. జల్దీ నడువుర్రి," అంది నర్సు.

తల్లి కదల్లేదు.

"గిట్ల మొండికేస్తే నేనేం చెయ్యాలె? నీ కోసం గోడ పగలగొట్టాల్నా?" అన్న నర్సు, అంతలోనే ఆగి, "కాన్పుల గదికి ఎనక తలుపుంది. గటుకెల్లి వస్తవా?" అంది.

"అటుకెల్లి పీనుగ ఎన్నడన్న ఎల్లిందా?"

"ఈగ గూడ ఎల్లలే. కట్టినప్పటి నుంచి మూసే ఉంది."

పిల్లను చెరో పక్క పట్టుకుని వెనక్కి నడిపించాం. ఆ తలుపుకు అడ్డంగా విరిగిన మంచాలు పేర్చి పెట్టారట. లోపల వాటిని ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గడియ తుప్పు పట్టి కదలడం లేదు. ఎవరో సుత్తితో కొడుతున్నారు. నా చేతిలో ఉన్న పిల్ల వేళ్ళు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. మందు లోపలే ఉంది, వేసే మనిషీ లోపలే ఉంది. చెక్క తలుపుకు ఇవతల పిల్ల కళ్ళు పైకి తేలిపోతున్నాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ పేరూ నోటికి రాలేదు.

తలుపు మనిషి పట్టేంత తెరుచుకోగానే పిల్లను లోపలికి లాగేసుకున్నారు. మధ్యాహ్నం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పసిది సన్నగా ఏడ్చింది. బాలింతకు మాత్రం స్పృహ లేదు.

సాయంత్రం నర్సు మళ్ళీ బీపీ చూసి, మంచం పక్కనున్న ఆమెను అడిగింది. "మీ ఊళ్ళె ఇంకిద్దరు కడుపుతోని ఉన్నరంట గదా. తీస్కరారాదు? గా తలుపు తెరిచే ఉంచుతం. పెద్ద సారుకు గూడ చెప్పిన."

ఆమె కూతురి అరికాలు రుద్దుతూనే ఉంది.

"ముందు దీన్ని కండ్లు తెరవనియ్యి సిస్టరమ్మా," అంది.

మేం ముగ్గురం ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాం.

చీకటి పడుతుండగా కళ్ళు తెరిచింది.