అల్లుడుగారు కాళ్ళు ముంచలేదు

మా బావంటే నాకు మొదటినుంచీ గిట్టదు. అక్కను చేసుకున్న మొదటి ఏడాదే, మా ఇంట్లో చేపల పులుసులో ఉప్పు చాలలేదని కంచం ముందునుంచి లేచిపోయాడు. నాన్న వీధి చివరిదాకా వెనకాలే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చారు. మా గోదావరి జిల్లాల్లో అల్లుడంటే అంతే. మర్యాదలు చేసి చేసి మనమే నెత్తికెక్కించుకుంటాం, తరవాత దిగమంటే దిగడు.

నాన్నకి తణుకు దగ్గర గుడ్ల కోళ్ళ షెడ్డు ఉండేది. అక్క పెళ్ళి, నా చదువు, మేం తినే అన్నం, అన్నీ ఆ షెడ్డే. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చుట్టుపక్కల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వైరస్‌తో కోళ్ళు చచ్చిపోతున్నాయని తెలియగానే షెడ్డు గుమ్మంలో మందు కలిపిన నీళ్ళ తొట్టి పెట్టించాను. ఎవరొచ్చినా అందులో కాళ్ళు ముంచి, చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి రావాలి. గుడ్ల లారీ డ్రైవరు ముంచేవాడు. నాన్న కూడా గొణుక్కుంటూనే ముంచేవారు.

ఆ వైరస్ తలుపు బద్దలుకొట్టుకుని రాదు. దాని ఒంటిమీది కొవ్వు పొర దాని సొంతం కాదు. అంతకుముందు పాడుచేసిన కణంలోంచి బయటికొస్తూ ఆ కణం పొరనే చుట్టుకొస్తుంది, దొంగిలించిన చీర కట్టుకుని అదే ఇంటి పేరంటానికి వచ్చినట్టు. పొరమీదున్న ముళ్ళతో కొత్త కణం పైనుండే చక్కెరను పట్టుకుంటుంది. కణమే దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి తీసుకుపోతుంది. అరిగించేద్దామని సంచిలో ఆమ్లం పెంచుతుంది. ఆ ఆమ్లం తగిలాకే ముల్లు విచ్చుకుంటుంది. లోపల దాగిన కొస సంచి గోడలో దిగబడుతుంది, ముల్లు వెనక్కి మడతపడి రెండు పొరల్నీ దగ్గరికి లాగుతుంది. చారుమీద నూనె చుక్కల్లా ఆ రెండూ కలిసిపోయి, మధ్యలో కన్నం పడి, వైరస్ సరుకంతా కణంలోకి జారిపోతుంది. అదే పొర, బయట ఉన్నంతసేపూ సబ్బునీళ్ళకి కూడా నిలవదు. ఇదంతా నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒక ఉదయం బావ చంకలో పందెం కోడితో వచ్చాడు. అది మెడ వాల్చేసింది, తురాయి నల్లబడింది.

"మావయ్యగారూ, నిన్నట్నుంచి మేత ముట్టట్లేదండి. ఏదన్నా మందు చూడండి," అన్నాడు.

మందుల బీరువా షెడ్డు లోపల ఉంది.

"బావగారూ, కోడిని బయట ఉంచి, కాళ్ళు ముంచి రండి," అన్నాను.

"ఏంటి మరదలా, నన్ను కూడా లారీ డ్రైవర్లలో కలిపేశావా?" అని నవ్వాడు. నవ్వుతూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ వెనకడుగు ఎక్కడిదాకా పోతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

నాన్న మొహం పాలిపోయింది. "అల్లుడుగారిని గుమ్మంలో నిలబెట్టి కాళ్ళు ముంచమంటావా? బుద్ధుందా అమ్మాయ్? తియ్యి ఆ తొట్టి!"

అతను అలిగితే పడేది అక్క. తొట్టిని నా చేతులతోనే పక్కకి లాగాను. బావ చెప్పులతో, కోడితో లోపలికి వెళ్ళాడు. నాన్న ఆ కోడి నోరు తెరిచి మందు పోసి, అదే చేత్తో తన కోళ్ళకి మేత సర్దారు.

పందెం కోడి మర్నాడే చచ్చింది. ఆ సంగతి బావ చెప్పలేదు. నాలుగో రోజు అక్క ఫోన్లో చెప్పేసరికి మా మొదటి వరస కోళ్ళు తలలు వేలాడేశాయి. వారం తిరక్కుండా పశువుల డాక్టర్లు ఒళ్ళంతా కప్పుకుని వచ్చి, బతికున్నవాటిని కూడా చంపి, గోతిలో సున్నం పోసి పూడ్చేశారు.

"వలస పక్షుల వల్ల కూడా రావచ్చండి," అన్నాడు వాళ్ళలో ఒకాయన. రావచ్చు. నాకు ఆ ఓదార్పు అక్కర్లేదు.

రెండు రోజుల తరవాత బావ పరామర్శకి వచ్చాడు. నాన్న ఖాళీ షెడ్డు ముందు నేలమీద కూర్చుని ఉన్నారు. పొద్దుట్నుంచి అక్కణ్ణించి కదల్లేదు. అల్లుణ్ణి చూడగానే లేచి నిలబడి పంచె దులుపుకున్నారు.

"అల్లుడుగారు ఎండలో నిలబడ్డారమ్మా, కుర్చీ వెయ్యి," అన్నారు నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వేశాను. అతను కూర్చునేదాకా నాన్న కూర్చోలేదు.